స్కైరిమ్ మోడింగ్: గేమ్ ఫైళ్లు వెతకడం, బయటికి తీయడం – తరచుగా అడిగే ప్రశ్నలు

బెథెస్డా కంపెనీ చేసిన స్కైరిమ్ అనే ఆర్‌పీజీకి (ఒక పాత్రగా మారి ఆడే వీడియో గేమ్) సొంతంగా ఒక మోడ్ (ఆటలో మనం చేసుకునే మార్పు) చేద్దామని కూర్చున్నవాళ్లలో చాలామంది మొదటిరోజే ఆగిపోతారు. త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ రాకనో స్క్రిప్టింగ్ రాకనో కాదు, మార్చాల్సిన ఫైల్ దొరక్క. దొరికినా, మార్చాక దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక. నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలన్నీ ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంటాయి.

ఏ స్కైరిమ్ గురించి చెబుతున్నారు?

పీసీలో ఆడే స్పెషల్ ఎడిషన్ గురించి. 2011 నవంబర్ 11న వచ్చిన మొదటి ఆటను మోడర్లు ఎల్‌ఈ అంటారు, 2016 అక్టోబర్ 28న వచ్చిన స్పెషల్ ఎడిషన్‌ని ఎస్‌ఈ అంటారు. 2021లో వచ్చిన యానివర్సరీ ఎడిషన్ వేరే ఆటేమీ కాదు. ఎస్‌ఈ మీదే అదనపు కంటెంట్ కలిపి ఇచ్చారు. కాబట్టి కింద ఎస్‌ఈ అని రాసిన చోటల్లా యానివర్సరీకి కూడా వర్తిస్తుంది. ఎల్‌ఈ మాత్రం 32 బిట్ ఆట, ఎస్‌ఈ 64 బిట్. ఫైళ్ల పేర్లు ఒకేలా ఉన్నా లోపలి అమరికలో తేడాలున్నాయి. ఆ తేడాల దగ్గరే సగం మంది దెబ్బ తింటారు.

గేమ్ ఫైళ్లు ఎక్కడుంటాయి?

స్టీమ్ లైబ్రరీలో ఆట పేరు మీద రైట్ క్లిక్ చేయండి. మేనేజ్‌లోకి వెళ్లి ‘బ్రౌజ్ లోకల్ ఫైల్స్’ నొక్కితే ఆట ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందులో ‘డేటా’ అని ఒక ఫోల్డర్ ఉంటుంది. మనకు కావాల్సినవన్నీ అందులోనే. జీఓజీ అనే ఇంకో ఆన్‌లైన్ కొట్టులో కొన్నవాళ్లకూ ఇదే అమరిక.

డాక్యుమెంట్స్‌లో ‘మై గేమ్స్’ కింద స్కైరిమ్ పేరుతో ఇంకో ఫోల్డర్ కనిపిస్తుంది. అందులో ఉండేవి సేవ్ ఫైళ్లు, సెట్టింగుల ఐఎన్ఐ ఫైళ్లు. మెష్‌లు (త్రీడీ ఆకారాలు), టెక్స్‌చర్లు (వాటి పైపూతలు) అక్కడ వెతక్కండి.

ఇంకొక్క మాట. స్టీమ్ మామూలుగా సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల కూర్చుంటుంది. ఆ ఫోల్డర్‌ని విండోస్ కాపలా కాస్తుంది కాబట్టి మోడింగ్ టూల్స్ అక్కడ ఫైళ్లు రాయబోతే అడ్డుపడుతుంది. ఒక్కోసారి ఎర్రర్ కూడా చూపించదు, ఫైల్ మాత్రం ఉండదు. డీ డ్రైవ్‌లో ఇంకో స్టీమ్ లైబ్రరీ పెట్టుకుని ఆటను అక్కడికి మార్చేస్తే ఈ గోల ఉండదు. టూల్స్‌కి కూడా విడిగా చిన్న పేరుతో ఒక ఫోల్డర్ చేసుకోండి. ఫోల్డర్ పేరు తెలుగులో పెట్టొద్దు. పాత టూల్స్ కొన్నింటికి ఇంగ్లిష్ కాని అక్షరాలు దారిలో ఎదురైతే చేతులెత్తేయడం అలవాటు.

డేటా ఫోల్డర్ తెరిస్తే కత్తి లేదు, ఇల్లు లేదు, డ్రాగన్ లేదు. పెద్ద పెద్ద ఫైళ్లు ఓ పాతిక ఉన్నాయంతే. ఏవి ఏంటి?

కిరాణా కొట్టు ఊహించుకోండి. కొట్టు యజమాని దగ్గర ఒక చిట్టా పుస్తకం ఉంటుంది, వెనకాల ఒక గోడౌన్ ఉంటుంది. ఈఎస్ఎం, ఈఎస్‌పీ, ఈఎస్ఎల్ ఫైళ్లు చిట్టా లాంటివి. ‘ఇనుప కత్తి, బరువు ఇంత, ధర ఇంత, దాని బొమ్మ ఫలానా అరలో ఉంది’ అని రాసి ఉంటుందంతే. బీఎస్ఏ ఫైళ్లు గోడౌన్. బొమ్మ, దాని పైన రంగు, దాని చప్పుడు అన్నీ అక్కడ.

దీన్ని బట్టే మీరు ఏ ఫైల్ ముట్టుకోవాలో తేలిపోతుంది. కత్తి దెబ్బ బలం పెంచాలంటే చిట్టాలో పని, బీఎస్ఏ జోలికి వెళ్లక్కర్లేదు. కత్తి రంగు మార్చాలంటే గోడౌన్‌లో పని, చిట్టా ముట్టుకోనక్కర్లేదు. కొత్త కత్తి చేర్చాలంటే రెండూ.

ప్రధాన చిట్టాలు ఐదు: స్కైరిమ్, అప్‌డేట్, డాన్‌గార్డ్, హార్త్‌ఫైర్స్, డ్రాగన్‌బోర్న్. చివరి మూడూ డీఎల్‌సీలు, అంటే ఆట వచ్చాక చేర్చిన అదనపు భాగాలు. ఎల్‌ఈలో వీటికి విడిగా బీఎస్ఏలు కూడా ఉండేవి. ఎస్‌ఈలో ఆ సరుకంతా స్కైరిమ్ బీఎస్ఏలలోనే కలిపేశారు. ‘డాన్‌గార్డ్ బీఎస్ఏ నా దగ్గర లేదు, ఆట సరిగా దిగలేదా?’ అని కంగారు పడకండి.

ఏ బీఎస్ఏలో ఏముంటుంది?

పేర్లే చెబుతాయి. మెషెస్ అని ఉన్న రెండింట్లో త్రీడీ ఆకారాలు. టెక్స్‌చర్స్ 0 నుంచి 8 వరకు తొమ్మిది, వాటిలో పైపూతలు. యానిమేషన్స్, సౌండ్స్, షేడర్స్ సంగతి చెప్పక్కర్లేదు. వాయిసెస్‌లో పాత్రల మాటలు. ఇంటర్‌ఫేస్‌లో మెనూలు, ఫాంట్లు, తెర మీద కనిపించే రాత. మిస్క్‌లో స్క్రిప్టులు, ఇతర చిల్లరమల్లర.

చాలామంది వదిలేసేది ‘ప్యాచ్’ అనే బీఎస్ఏ. ఆట వచ్చాక బెథెస్డా సరిదిద్దిన ఫైళ్లు అందులో ఉంటాయి. మీరు వెతికే ఫైల్ మెషెస్‌లోనూ ప్యాచ్‌లోనూ రెండు చోట్లా దొరికితే ప్యాచ్‌లో ఉన్నదే తీసుకోండి. ఆట వాడేది దాన్నే. పాతది తీసుకుని మార్చారంటే, కంపెనీ సరిచేసిన బగ్‌ని మీరే మళ్లీ వెనక్కి తెచ్చినట్టు.

విన్‌రార్‌తో తెరవొచ్చా?

కుదరదు. బీఎస్ఏ బెథెస్డా సొంత ఫార్మాట్. దానికి విడిగా టూల్స్ ఉన్నాయి, అన్నీ ఉచితమే.

నేను రోజూ వాడేది బీఎస్ఏ బ్రౌజర్. ఒకేసారి అన్ని బీఎస్ఏలూ తెరిచి పెట్టుకోవచ్చు, పేరుతో వెతకొచ్చు. బెథెస్డా ఆర్కైవ్ ఎక్స్‌ట్రాక్టర్ అని ఇంకోటి ఉంది, అదీ మంచిదే. చిట్టా ఫైళ్లు తెరిచి మార్చే ఎస్‌ఎస్‌ఈ ఎడిట్ ఇప్పటికే మీ దగ్గర ఉంటే కంట్రోల్, ఎఫ్3 కలిపి నొక్కండి. అసెట్ బ్రౌజర్ తెరుచుకుంటుంది, ఏ ఫైల్ ఏ బీఎస్ఏలో ఉందో అక్కడే కనిపిస్తుంది.

పాత వీడియోలు చూసి పాత టూల్ దింపుకోవద్దు. ఎల్‌ఈ బీఎస్ఏల వెర్షన్ 104, వాటిని జీలిబ్ పద్ధతిలో కుదించారు. ఎస్‌ఈవి వెర్షన్ 105, వాటికి ఎల్‌జెడ్4 వాడారు. 2016కి ముందు టూల్స్‌కి ఈ రెండోది తెలియదు. తెరవనైనా తెరవవు, తెరిచినా పాడైపోయిన ఫైళ్లు ఇస్తాయి. ‘డౌన్‌లోడ్‌లోనే ఏదో తేడా ఉంది’ అనుకుని ఆటని మళ్లీ దింపుకునేవాళ్లు అసలు చూసుకోవాల్సింది టూల్ వెర్షన్.

అన్ని బీఎస్ఏలూ ఒకేసారి డేటా ఫోల్డర్‌లోకి తీసేస్తే పని అయిపోతుంది కదా?

పని అవడం కాదు, అక్కడే మొదలవుతుంది కష్టం. నా మొదటి ఘనకార్యం ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఒక గిన్నె రంగు మార్చాలనుకుని అన్ని బీఎస్ఏలూ డేటాలోకి కక్కించాను. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే అదే. అప్పటికి ఏ ఇబ్బందీ కనిపించలేదు. ఆట నడిచింది, కాకపోతే లోడింగ్ తెర ముందు టీ తాగి రావచ్చు. నెల తర్వాత ఊళ్ల టెక్స్‌చర్లు మార్చే మోడ్ ఒకటి వేశాను. ఏమీ మారలేదు. తీసి మళ్లీ వేశాను. లోడ్ ఆర్డర్ (మోడ్‌లు ఆటలోకి ఎక్కే వరస) మార్చాను. ఆటనే తీసేసి మళ్లీ దింపుకున్నాను, అయినా అదే పాత గోడ, అదే పాత రాయి. రెండు రాత్రులు తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఒక తోటి మోడర్ ఒకే ప్రశ్న అడిగాడు: ‘నీ డేటాలో టెక్స్‌చర్స్ అనే ఫోల్డర్ ఉందా?’

ఉంది. నెల కిందట నేను కక్కించినదే.

సంగతేమిటంటే, డేటా ఫోల్డర్‌లో విడిగా పడి ఉన్న ఫైల్‌ని లూజ్ ఫైల్ అంటారు. ఒకే ఫైల్ లూజ్‌గానూ బీఎస్ఏలోనూ ఉంటే ఎస్‌ఈలో ఎప్పుడూ లూజ్‌దే గెలుపు. ఆ మోడ్ తన టెక్స్‌చర్లను బీఎస్ఏలో పెట్టి ఇచ్చింది. నేను తీసి పడేసిన అసలు ఆట ఫైళ్లు లూజ్‌గా ఉన్నాయి. ఆట వాటినే తీసుకుంది. మోడ్ పాపం ఏమీ లేదు.

ఆటని మళ్లీ దింపుకున్నా ఎందుకు పోలేదంటారా? అన్‌ఇన్‌స్టాల్ చేస్తే స్టీమ్ తాను పెట్టిన ఫైళ్లే తీసేస్తుంది. మీరు పెట్టినవి అలాగే ఉండిపోతాయి. ‘వెరిఫై ఇంటెగ్రిటీ’ కూడా అంతే: పోయినవి తెస్తుంది, పాడైనవి బాగుచేస్తుంది, అదనంగా ఉన్నవాటిని ముట్టుకోదు.

మరి ఎక్కడికి తీయాలి?

ఆట ఫోల్డర్‌కి సంబంధం లేని చోటికి. డీ డ్రైవ్‌లో ‘తీసినవి’ అనే అర్థం వచ్చేలా ఒక ఫోల్డర్ చేసుకోండి, ఏది తీసినా అక్కడికే. కావాల్సిన ఒకటో రెండో ఫైళ్లు మాత్రమే తీయండి. అన్నీ తీసి చూడాలన్న కోరిక ఉంటే తీయండి, కాదనను, నా దగ్గరా అలాంటి ఫోల్డర్ ఒకటి ఉంది. స్టీమ్ లెక్క ప్రకారం ఎస్‌ఈకి 12 జీబీ ఖాళీ కావాలి. కుదింపు విప్పితే అంతకన్నా ఎక్కువ స్థలం పడుతుంది. అది డేటా బయట ఉన్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు.

ఒక వస్తువు ఫైల్‌ని మొదటి నుంచి చివరి దాకా ఎలా పట్టుకోవాలో చూపిస్తారా?

ఇనుప కత్తినే తీసుకుందాం. ఎవరి ఆటలోనైనా మొదటి పది నిమిషాల్లో చేతికొచ్చేది అదే.

ముందు చిట్టా. ఎస్‌ఎస్‌ఈ ఎడిట్‌లో స్కైరిమ్ ఈఎస్ఎం ఒక్కటే టిక్ పెట్టి తెరవండి. ఎడమవైపు పైన ఫామ్ ఐడీ (ఆటలో ఒక్కో వస్తువుకీ ఉండే నంబరు) పెట్టెలో 00012ఈబీ7 కొట్టండి (అక్షరాలు ఇంగ్లిష్‌లోనే కొట్టాలి సుమా). ఇనుప కత్తి రికార్డు వస్తుంది. ఐడీ తెలియకపోతే ఆటలోనే కన్సోల్ (ఆదేశాలు కొట్టే పెట్టె) తెరిచి, హెల్ప్ అని కొట్టి, కోట్స్‌లో వస్తువు పేరు ఇస్తే చెబుతుంది. కొన్ని ఐడీలు భలే చిన్నవి. బంగారు నాణెం ఐడీ ఉత్త ‘ఎఫ్’, తాళం తీసే పుల్లది ‘ఏ’. ఆట తయారుచేసేటప్పుడు ముందు ఏం రాసుకున్నారో తెలిసిపోతుంది.

రికార్డులో కుడివైపు మోడల్ అనే వరుస చూడండి. వెపన్స్ ఫోల్డర్, అందులో ఐరన్, అందులో లాంగ్‌స్వోర్డ్ నిఫ్ అని దారి ఉంటుంది (నిఫ్ అంటే మెష్ ఫైల్). ఈ దారికి ముందు ‘మెషెస్’ అని మీరు కలుపుకోవాలి. చిట్టాలో అది రాయరు, ఆటకి తెలుసు కాబట్టి.

ఇప్పుడు బీఎస్ఏ బ్రౌజర్‌లో రెండు మెషెస్ బీఎస్ఏలూ, ప్యాచ్‌దీ తెరిచి లాంగ్‌స్వోర్డ్ అని వెతకండి. ఐరన్ ఫోల్డర్‌లో ఒకటి కాదు, రెండు కనిపిస్తాయి. రెండోదాని పేరు ముందు ‘ఫస్ట్ పర్సన్’ అని ఉంటుంది. మీ కళ్లలోంచి చూస్తూ ఆడేటప్పుడు చేతిలో కనిపించే కత్తి అది. మొదటిది నేల మీద పడి ఉన్నప్పుడు, థర్డ్ పర్సన్‌లో ఆడేటప్పుడు, ఇతర పాత్రల చేతుల్లో కనిపించేది. ఒకటే మార్చి, రెండోది మరిచిపోయి, ‘చేతిలోకి తీసుకోగానే పాత కత్తి అయిపోతోంది’ అని వాపోయేవాళ్లు వారానికొకరు తగులుతారు.

రెండూ తీశారు. ఇక టెక్స్‌చర్. పేరు ఊహించి వెతక్కండి, మెష్‌నే అడగండి. నిఫ్‌స్కోప్ అనే టూల్‌లో నిఫ్ తెరిచి ఎడమవైపు చెట్టులో లైటింగ్ షేడర్ ప్రాపర్టీ కింద టెక్స్‌చర్ సెట్ అనే బ్లాక్ పట్టుకోండి. అందులో వరసగా దారులు ఉంటాయి. మొదటిది రంగు. రెండోది, చివర ‘ఎన్’ అక్షరం ఉన్నది, నార్మల్ మ్యాప్: గీతలు, గుంటలు, మెరుపు దాని సంగతి. ఆ దారులు పట్టుకుని టెక్స్‌చర్స్ బీఎస్ఏలలో వెతికితే సూటిగా దొరుకుతాయి. తొమ్మిదింట్లో ఏదో ఒకదానిలో ఉంటుంది, అన్నీ తెరిచే ఉంచుకుని వెతకండి.

తీసేటప్పుడు ఫోల్డర్లతో సహా తీసే ఆప్షనే వాడండి. ఎందుకో తర్వాతి ప్రశ్నలో.

మార్చిన ఫైల్ తిరిగి ఎక్కడ పెట్టాలి?

ఏ గూటి చిలుక ఆ గూటికే. బీఎస్ఏ లోపల ఏ దారిలో ఉందో డేటాలో కూడా అక్షరం పొల్లు పోకుండా అదే దారిలో ఉండాలి. పెద్దక్షరాలు, చిన్నక్షరాల తేడా విండోస్‌కి పట్టదు. ఫోల్డర్ పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆటకి మీ ఫైల్ కనిపించదు. కనిపించలేదని చెప్పదు కూడా, అసలుదాన్ని బీఎస్ఏలోంచి తీసి చూపించేసి ఊరుకుంటుంది.

మోడ్‌లను సర్దిపెట్టే మోడ్ ఆర్గనైజర్ 2 అనే టూల్ వాడుతుంటే డేటాలో కూడా పెట్టక్కర్లేదు. మోడ్స్ ఫోల్డర్‌లో మీ పేరుతో ఒకటి చేసి, దాని లోపల మెషెస్, టెక్స్‌చర్స్ అని మొదలుపెట్టండి. ఆట నడిచేటప్పుడు అది డేటాలో ఉన్నట్టే చూపిస్తుంది. నా సలహా ఇదే, డేటా ఎప్పటికీ కొత్తదానిలా ఉంటుంది. ఒక్క షరతు: నిఫ్‌స్కోప్ అయినా ఎస్‌ఎస్‌ఈ ఎడిట్ అయినా మోడ్ ఆర్గనైజర్ లోపలి నుంచే నడపాలి. బయటి నుంచి తెరిస్తే వాటికి మీ మోడ్‌లు కనిపించవు.

అంతా ఊదా రంగులో వస్తోంది!

టెక్స్‌చర్ దొరకలేదని ఆట చెప్పే తీరు అది. మెష్‌లో రాసిన దారికీ, మీరు పెట్టిన చోటికీ పొత్తు కుదరలేదు. నిఫ్‌స్కోప్‌లో టెక్స్‌చర్ సెట్ తెరిచి చూడండి. బ్లెండర్ నుంచి ఎగుమతి చేసినప్పుడు మీ సొంత కంప్యూటర్ పూర్తి దారి, డ్రైవ్ పేరుతో సహా, అందులో రాసుకుపోయి ఉంటే అదే కారణం. ‘టెక్స్‌చర్స్’ అనే మాటతో మొదలయ్యేలా కోసేయండి.

వస్తువు బదులు ఎర్రటి ఆశ్చర్యార్థకం గుర్తు కనిపిస్తే దొరకనిది మెష్.

నెట్‌లో దొరికిన ఎల్‌ఈ మెష్ వేస్తే ఆట క్రాష్ అవుతోంది. ఎందుకు?

రెండు ఆటల నిఫ్‌లూ ఒకటి కావు. ఎస్‌ఈలో ఆకారాల్ని దాచుకునే బ్లాక్ రకమే మార్చారు. కొన్ని ఎల్‌ఈ మెష్‌లు అలాగే నడుస్తాయి, కొన్ని ఆటని పడగొడతాయి. కొన్ని నడిచినట్టే నడిచి ఏదో ఒక గుహలో పడగొడతాయి. ఇవే అన్నిటికన్నా పాపిష్టివి. క్యాథెడ్రల్ అసెట్స్ ఆప్టిమైజర్‌తో మార్చుకుని వేయండి. ఎల్‌ఈ యానిమేషన్లు అయితే మార్చకుండా అసలు నడవవు.

టెక్స్‌చర్ ఎడిట్ చేయడానికి ఏది వాడాలి?

టెక్స్‌చర్లు ఉండేది డీడీఎస్ ఫైళ్లలో. వాటిని గింప్, పెయింట్ డాట్ నెట్ రెండూ తెరుస్తాయి. ఫోటోషాప్‌కి ప్లగిన్ వేసుకోవాలి. సేవ్ చేసేటప్పుడు మిప్‌మ్యాప్‌లు (దూరం నుంచి చూపించడానికి అదే బొమ్మ చిన్న నకళ్లు) తయారుచేసే టిక్ మరిచిపోవద్దు. లేకపోతే దగ్గర నుంచి బాగానే ఉంటుంది, దూరం నుంచి చూస్తే చీమలు పాకుతున్నట్టు మిణుకుమిణుకుమంటుంది. నార్మల్ మ్యాప్‌లో ఆల్ఫా చానెల్ జాగ్రత్త: ఆ వస్తువు ఎంత మెరవాలన్నది అందులోనే ఉంటుంది. అది పోయిందంటే ముతక ఉన్ని చొక్కా కూడా నూనె రాసినట్టు మెరుస్తుంది.

పాత్రల గొంతులు ఎలా తీయాలి?

వాయిసెస్ బీఎస్ఏలో సౌండ్, వాయిస్ ఫోల్డర్ల కింద ఒక్కో గొంతు రకానికి ఒక్కో ఫోల్డర్ ఉంటుంది, లోపల ఫజ్ అనే ఫైళ్లు. ఫజ్ అంటే రెండు ఫైళ్లను కలిపి కట్టిన మూట: పెదాల కదలిక చెప్పే లిప్ ఫైల్, మాట ఉన్న ఎక్స్‌డబ్ల్యూఎం ఫైల్. విడదీసే చిన్న టూల్స్ ఉన్నాయి. ఎక్స్‌డబ్ల్యూఎంని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో వేవ్‌గా మార్చుకోవచ్చు.

పేర్లు చూస్తే ఏ ఫైల్‌లో ఏ మాటుందో బొత్తిగా అర్థం కాదు, క్వెస్టు పేరు ముక్క, అంకెలు, అంతే. లేజీ వాయిస్ ఫైండర్ అనే టూల్‌లో డైలాగ్‌లోని నాలుగు మాటలు కొడితే ఫైల్ పేరు చెప్పి వినిపిస్తుంది కూడా. వేల ఫైళ్లు ఒక్కొక్కటీ విని చూసే ఓపిక ఉన్నవాళ్లని చూశాను కానీ, అవసరం లేదు.

ఆటలో తెలుగు పెట్టొచ్చా?

ఈ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నాను. రెండు భాగాలుగా చెప్పాలి.

రాత. వస్తువుల పేర్లు, డైలాగులు, పుస్తకాల్లోని పాఠం స్ట్రింగ్స్ అనే ఫైళ్లలో ఉంటాయి. మూడు రకాలు, ఎస్‌ఈలో ఇంటర్‌ఫేస్ బీఎస్ఏ లోపల స్ట్రింగ్స్ ఫోల్డర్‌లో దొరుకుతాయి. ఎల్‌ఈలో అయితే డేటాలోనే విడిగా ఉండేవి. మెనూ మాటల కోసం ఇంటర్‌ఫేస్ ఫోల్డర్‌లో ‘ట్రాన్స్‌లేట్’ పేరుతో మొదలయ్యే టెక్స్ట్ ఫైల్ ఉంటుంది. దాన్ని యూటీఎఫ్-16గానే సేవ్ చేయాలి, మామూలు యూటీఎఫ్-8గా చేస్తే మెనూలో మాటల బదులు డాలర్ గుర్తుతో ఏవో పేర్లు వస్తాయి. ఇంతవరకు తేలికే. చిక్కు ఫాంటు దగ్గర. ఆటతో వచ్చే ఫాంట్లు ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైళ్లలో ఉంటాయి, వాటిలో తెలుగు అక్షరాలు లేవు. ఉన్నదల్లా డబ్బాలే. తెలుగు ఫాంటు చేర్చినా, మన ఒత్తులు, గుణింతాలు పక్క అక్షరాన్ని బట్టి ఆకారం మార్చుకుని అతుక్కోవాలి. ఇంగ్లిష్‌లా అక్షరం పక్కన అక్షరం పేర్చుకుంటూ పోతే కుదరదు. కాబట్టి ‘ఇనుప కత్తి’ అని మన లిపిలో చూడాలనుకుంటే పెద్ద పని. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే మన వాట్సాప్ తెలుగు మాత్రం హాయిగా నడుస్తుంది. మా ఇంట్లో సేవ్‌లో స్వీట్‌రోల్ అనే తినుబండారం పేరు కజ్జికాయ అని ఉంటుంది.

మాట. ఇక్కడ ఫాంటు గొడవే లేదు. మీరు రికార్డు చేసిన తెలుగు మాటను ఎక్స్‌డబ్ల్యూఎంగా మార్చి, పాత లిప్‌తో కలిపి ఫజ్ కట్టి, అదే పేరుతో అదే దారిలో పెడితే ఆటలోని వైట్‌రన్ ఊరి కాపలావాడు తెలుగులో మాట్లాడతాడు. పెదాలు మాత్రం ఇంగ్లిష్‌లోనే కదులుతాయి. డబ్బింగ్ సినిమాలు చూసి పెరిగినవాళ్లం, మనకదొక లెక్కా!

స్క్రిప్టులు తీస్తే చదవడానికి రావట్లేదు.

బీఎస్ఏలో ఉండేవి పెక్స్ ఫైళ్లు, అంటే కంపైల్ అయిపోయినవి. చదవగలిగే సోర్స్ పీఎస్‌సీ ఫైళ్లలో ఉంటుంది. స్టీమ్‌లో క్రియేషన్ కిట్ (బెథెస్డా ఇచ్చే మోడింగ్ ఎడిటర్) ఉచితంగా దింపుకుంటే దానితో పాటు డేటాలోకి స్క్రిప్ట్స్ అనే జిప్ ఒకటి వస్తుంది, అసలు ఆట సోర్సంతా అందులోనే ఉంది. ఇదైతే మామూలు జిప్పే.

ఒక చిక్కు ఉంది. ఎల్‌ఈలో సోర్స్ ఉండే చోటు ‘స్క్రిప్ట్స్’ లోపల ‘సోర్స్’. ఎస్‌ఈ క్రియేషన్ కిట్ దాన్ని తిరగేసి ‘సోర్స్’ లోపల ‘స్క్రిప్ట్స్’ అని వెతుకుతుంది. ఎందుకు తిరగేశారో వాళ్లకే తెలియాలి. పాత మోడ్‌లు ఒక చోట, కొత్తవి ఇంకో చోట పెడతాయి. కంపైలర్ ‘ఈ స్క్రిప్ట్ దొరకలేదు’ అంటే ముందు ఇదే చూడండి.

వేరేవాళ్ల మోడ్‌లో సోర్స్ ఇవ్వకపోతే చాంపోలియన్ అనే టూల్ పెక్స్‌ని తిరిగి చదవదగ్గ రూపంలోకి తెస్తుంది. కామెంట్లు రావు, తర్కం అర్థమవుతుంది.

స్కైరిమ్ ఈఎస్ఎంనే నేరుగా మార్చేస్తే?

వద్దు. మీ మార్పుల్ని కొత్త ఈఎస్‌పీలో పెట్టండి. చిట్టాలో తర్వాత వచ్చిన పద్దే చెల్లుతుంది కాబట్టి ఫలితం ఒకటే.

మోడ్ పూర్తయ్యాక మళ్లీ బీఎస్ఏగా కట్టాలా?

మీ ఒక్కరి కోసమైతే అక్కర్లేదు. పదిమందికి ఇస్తుంటే, ఫైళ్లు వందల్లో ఉంటే, కట్టండి. క్రియేషన్ కిట్‌తో వచ్చే ఆర్కైవ్ టూల్ సరిపోతుంది.

బీఎస్ఏ పేరు మీ ఈఎస్‌పీ పేరే అయి ఉండాలి, లేకపోతే ఆట తెరవదు. ఎస్‌ఈలో అదే పేరు చివర డ్యాష్ పెట్టి ‘టెక్స్‌చర్స్’ అని ఉన్న రెండో బీఎస్ఏని కూడా దానంతటదే తీసుకుంటుంది. ఒక్కోటీ 2 జీబీ దాటకూడదు. గొంతులు, చప్పుళ్లు ఉంటే ఆ బీఎస్ఏకి కుదింపు పెట్టొద్దు. పెడితే పాత్ర నోరు ఆడిస్తుంది, మాట వినపడదు. దీని మీద ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను.

ప్లేస్టేషన్‌లో, ఎక్స్‌బాక్స్‌లో ఇవన్నీ చేయొచ్చా?

ఫైళ్లు తీయడం కుదరదు. పీసీలో మోడ్ చేసి బెథెస్డా ద్వారా ఎక్స్‌బాక్స్‌కి పంపించొచ్చు. ప్లేస్టేషన్‌లో అయితే బయటి మెష్‌లూ టెక్స్‌చర్లూ తేవడానికే ఒప్పుకోరు, ఆటలో ఉన్నవాటితోనే సర్దుకోవాలి.

తీసిన ఫైళ్లు వేరేవాళ్లకి ఇవ్వొచ్చా?

మీరు మార్చిన ఫైల్‌ని మోడ్‌గా అదే ఆటకి ఇవ్వడం అందరూ చేసేదే. మార్చకుండా అసలు ఫైళ్లను మూటగట్టి పంచడం మాత్రం తప్పు. ఆట కొననివాళ్లకి దాని సరుకు పంచినట్టే కదా. ఒక ఆటలోంచి తీసినవి ఇంకో ఆటలో పెట్టి మోడ్‌లు పంచుకునే నెక్సస్ మోడ్స్ సైట్‌లో వేస్తే తీసేస్తారు, అవి రెండూ ఒకే కంపెనీ ఆటలైనా సరే. వేరే మోడర్ బీఎస్ఏ విప్పి నేర్చుకోండి, అందులోంచి వాడుకోవాలంటే ఆ మనిషిని అడగండి. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.

వేరే ఆర్‌పీజీలకు ఇదే పద్ధతా?

ఆలోచన అదే, టూల్స్ వేరు. ఫాల్అవుట్ 4, స్టార్‌ఫీల్డ్‌లలో బీఎస్ఏ బదులు బీఏ2 ఉంటుంది. బీఎస్ఏ బ్రౌజర్ వాటినీ తెరుస్తుంది. బాల్డర్స్ గేట్ 3లో పాక్ ఫైళ్లు, వాటికి ఎల్‌ఎస్‌లిబ్ వాడతారు. 1998 నాటి మొదటి బాల్డర్స్ గేట్‌లో చిటిన్ అనే కీ ఫైల్ చిట్టా, బిఫ్ ఫైళ్లు గోడౌన్. నియర్ ఇన్ఫినిటీ అనే టూల్‌తో తెరిచి చూస్తే పాతికేళ్ల కిందట కూడా ఇదే పద్ధతి అని తెలుస్తుంది. విచర్ 3కి 2024లో కంపెనీయే రెడ్‌కిట్ అనే ఎడిటర్‌ని ఉచితంగా ఇచ్చింది.

అన్ని స్కైరిమ్ బీఎస్ఏలూ వెతికాను. చేపలు పట్టే గాలం మెష్ ఎక్కడా లేదు.

అది అసలు ఆటది కాదు. చేపలు పట్టడం 2021లో యానివర్సరీతో పాటు వచ్చిన అదనపు కంటెంట్, ఎస్‌ఈ ఉన్నవాళ్లందరికీ ఉచితంగా ఇచ్చిన నాలుగింటిలో ఒకటి. ఇలాంటివాటి ఫైళ్ల పేర్లు ‘స్కైరిమ్’తో మొదలు కావు, ‘సీసీ’ అనే రెండక్షరాలతో మొదలై చివర ‘ఫిష్’ లాంటి మాటతో ముగుస్తాయి. డేటాని పేర్ల వరసలో పెట్టి పైకి జరిపి చూడండి, సీసీ గుంపు అంతా ఒకే చోట ఉంటుంది. ఆ గుంపు అసలే లేకపోతే ఆట ఇంకా వాటిని దింపలేదన్నమాట. ఒకసారి ఆట తెరిచి, మెయిన్ మెనూలో క్రియేషన్స్‌లోకి వెళ్లి దింపుకున్నాక మళ్లీ వెతకండి.